రిజిస్ట్రారుగారి తాళంచెవులు

విశ్వవిద్యాలయంలో ముందు పుట్టవలసినవాడు రిజిస్ట్రారు. చదువు తరవాత తీరిగ్గా పుట్టవచ్చు.

మా ఊరి విశ్వవిద్యాలయం అలాగే పుట్టింది. గోడల సున్నం ఆరకముందే మొదటి రిజిస్ట్రారుగారు వచ్చి కుర్చీ వేయించుకున్నారు. ఆయన నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి చప్పుడుకు పక్కవీధి పావురాలు కూడా వరసలో నిలబడేవి. మేష్టర్లు ఇంకా రాలేదు, విద్యార్థుల మాట సరేసరి. అంత సజావుగా ఆ విశ్వవిద్యాలయం మళ్ళీ ఎన్నడూ నడవలేదు. (ఒక్క ఫిర్యాదు లేదు, గోడమీద ఒక్క గీత లేదు.)

తరవాత ఎక్కడ పొరపాటు జరిగిందో, విద్యార్థులు వచ్చేశారు.

ఆయన గాభరాపడలేదు. విద్యార్థి మూడేళ్ళుండి పోయే చుట్టమనీ, భవనం సొంత బిడ్డ అనీ సర్క్యులరు వేశారు. గదిని ఎలా తీసుకున్నారో అలాగే అప్పగించాలన్నారు. నల్లబల్లను నల్లగా తీసుకున్నారు గనక నల్లగానే ఇవ్వాలి. వృక్షశాస్త్రం మేష్టారు సుద్దముక్క జేబులో దాచుకుని, వేలితో గాలిలో ఆకులు గీశారు. పిల్లలు గాలిని చూసి రాసుకున్నారు. కూర్చుంటే బెంచీలు అరుగుతాయని తేలాక, నిలబడి రాసుకున్నారు. ఆ ఏడు పరిశుభ్రతకు బహుమతి వచ్చింది. (దాన్ని పెట్టిన గదికీ తాళం పడింది.)

రిజిస్ట్రారుగారి కూతురికి వృక్షశాస్త్రం చదవాలని కోరిక. తాళం వేసి ఉంచిన తూర్పు కిటికీల గదిలో వెలుతురుకు ఆకుల ఈనెలు బాగా కనిపిస్తాయి, అది తెరిపించమని భోజనాల దగ్గర అడిగింది.

"ఆ గది అద్దంలా ఉందమ్మా. పాడుచెయ్యడానికి నీకు మనసెలా ఒప్పింది?" అన్నారాయన.

వడ్డిస్తున్న భార్య చెయ్యి ఆగింది. "ఈ కూర కూడా గిన్నెలో ఎంత ముచ్చటగా ఉందో చూడండి. గరిటె పెట్టడానికి నాకూ మనసొప్పడంలేదు" అని గిన్నె లోపలికి తీసుకుపోయింది.

ఆ పూట ఆయన ఉత్త అన్నం తిన్నారు. నిబంధన మాత్రం మార్చలేదు.

పిల్ల వేరే ఊళ్ళో చదువుకుంది. రిటైరయ్యాక, మంచంపట్టిన రోజుల్లో, ఆయనే మెత్తబడి, ఆ తూర్పు గదిలో నువ్వే పాఠం చెప్పాలమ్మా అన్నారట. ఆయన పోయాక ఆమె అక్కడికే మేష్టరుగా వచ్చి, కొత్త రిజిస్ట్రారును తాళంచెవి అడిగింది.

ఆయన గౌరవంగా లేచి నిలబడ్డారు. "ఆ గదిలో మీ నాన్నగారి పటం పెట్టామమ్మా. జనం తిరిగితే దుమ్ము పడుతుందని తాళం వేశాం. అంతా ఆయన నేర్పిన పద్ధతే."

ఆమె మొదటి పాఠం వరండాలో, గాలిమీద చెప్పింది.

పటంమీద ఇప్పటికీ దుమ్ము లేదనే అంటారు. తెరిచి చూసినవాళ్ళు లేరు.