మీసాలు తీసేసిన ఆత్మగౌరవం

తెలుగు జాతి ఆత్మగౌరవాన్ని కాపాడడం కోసం ఇక మీదట తెలుగువాళ్ళెవరూ బయట తెలుగు మాట్లాడకూడదని మా సమితి అధ్యక్షులు శ్రీనివాసరాజుగారు, మేం పనులకొచ్చిన అరబ్బు ఊరు ముహర్రక్‌లో ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంత సూటి పరిష్కారం మా ఎవరి బుర్రకీ తట్టలేదు మరి.

సంగతేమిటంటే, ఉగాది సాయంత్రం ఊరి పక్కనున్న బుసైతీన్‌లో ఒక అరబ్బు ఇంట్లో బంగారం పోయింది. గోడ దూకినవాడు నల్లగా, మీసాలతో ఉన్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ వీధిలో నల్లగా, మీసాలతో ఉండేది తోటపని చేసే వీరబాబు. పోలీసులు పట్టుకుపోయారు. నిజానికి ఆ సాయంత్రమంతా వీరబాబు మా ఉగాది సభలో బూరెలు వడ్డిస్తున్నాడు. రాజుగారు రెండోసారి వేయించుకున్నది కూడా అతని చేతనే.

మర్నాటినుంచి మేం సరుకులకు వెళితే కొట్టువాడు మా మొహాలు మానేసి చేతులు చూడడం మొదలెట్టాడు. టాక్సీలు ఆగడం లేదు. వీరబాబు భార్య లోవమ్మను పనిచేసే ఇళ్ళలో మాన్పించేశారు. గది యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. ఆమె కూతురు చిట్టిని వెంటబెట్టుకుని రాజుగారి దగ్గరికొచ్చి, మా ఆయన మీ సభలోనే ఉన్నాడని పోలీసులకు ఒక్క మాట చెబితే చాలని ఏడ్చింది. కానీ రాజుగారు జాతి స్థాయిలో ఆలోచించే మనిషి. ఒక్క మాటతో సరిపెట్టలేదు.

తెలుగు మగవాళ్ళంతా మీసాలు తీసెయ్యాలని రెండో ప్రకటన చేశారు. కరీంనగర్ మేస్త్రీ వెంకటి ఒక్కడే అడ్డు తగిలాడు.

"మీసం తీసి ఫొటో పంపితే మా ఊర్ల ఏమనుకుంటరు సార్? మా నాయిన బతికుండంగనే కర్మ చేసిండనుకుంటరు."

"జాతి కోసం ఆమాత్రం అనుకోనివ్వవయ్యా," అన్నారు రాజుగారు.

మూడో మెట్టు సన్మానం. దొంగను ఇంత త్వరగా పట్టినందుకు పోలీసు ఆఫీసరుకు శాలువా కప్పాలని తీర్మానించారు. శాలువా కప్పించుకున్న ఆఫీసరు మనవాడైపోతాడని రాజుగారి అనుభవం. శాలువా, పూలదండ, కెమెరా పట్టుకుని నున్నటి మొహాలతో స్టేషనుకు వెళ్ళాం. అక్కడ బెంచీ మీద లోవమ్మ, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చిట్టి. మమ్మల్ని చూడగానే ఆమె మొహం విప్పారింది.

ఆఫీసరుకు హిందీ బాగా వచ్చు. దండ సర్దుకుని చాలా సంతోషించాడు.

"ఆ తోటమాలి ఆ పూట తెలుగువాళ్ళ పండగ సభలో ఉన్నానంటున్నాడు," అన్నాడు. "చూసినవాళ్ళు ఒక్కరు చెప్పినా ఇప్పుడే ఇంటికి పంపేస్తాను. మీరు తెలుగువాళ్ళేనా?"

"మేం బొంబాయివాళ్ళం సాబ్," అన్నారు రాజుగారు చక్కటి హిందీలో. నాయకుడంటే తను పెట్టిన నియమం ముందు తను పాటించాలి.

లోవమ్మ లేచి దగ్గరికొచ్చింది.

"రాజుగారండీ, మా ఆయన మీకు బూరెలు వడ్డించేడని ఒక్క ముక్క చెప్పండి బాబూ. మీ కాళ్ళట్టుకుంటాను."

ఆమె ఏమంటోందని ఆఫీసరు అడిగాడు.

రాజుగారు ఆమెవైపు ఓసారి చూశారు.

"ఏం భాషో తెలీదు సాబ్," అన్నారు.