మడతపెట్టిన వాడ

టూరిస్టు బస్సు కోటగుట్ట ఎక్కే రోజున, గుట్ట కింద గచ్చుబావి వాడలో ఉండే మనుషులందర్నీ మడతపెట్టి దాచేవాళ్లు. గుట్ట మీద ఏడంతస్తుల రాతి మహల్ ఉంది. దాని పైఅంతస్తు కిటికీలో నిలబడితే చెరువు, చెరువు అవతల కొండలు, ఆ కొండల వెనక దిగే సూర్యుడు, అన్నీ కన్నులపండువే. మధ్యలో ఈ వాడ ఒక్కటే పంటికింద రాయిలా తగిలేది. కూలిస్తే గొడవలవుతాయని గుట్ట సుందరీకరణ ఆఫీసు బాగా ఆలోచించి ఈ పద్ధతి పెట్టింది.

మడిచే పని యాకమ్మది. వాడలో ఇస్త్రీ బండి ఆమెదే కాబట్టి ఆఫీసుకు వేరే మనిషిని వెతుక్కునే శ్రమ తప్పింది. ముందు కాళ్లు, తర్వాత నడుము, చేతులు గుండెల మీదికి, తల ఆఖరున. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, వాడ జనం చక్కగా మడతపడేవాళ్లు. ముసలివాళ్ల నడుములకు వంగడం పాత అలవాటే. కుర్రాళ్లు కాస్త బిగుసుకునేవాళ్లు గానీ, రేషన్ కార్డు మాటెత్తగానే మెత్తబడేవాళ్లు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు సరదాపడి తననూ మడవమన్నాడు. యాకమ్మ చెమటలు కక్కింది గానీ ఆయన ఎక్కడా వంగలేదు.

మనుషుల తర్వాత రేకుల ఇళ్లు కూడా మడిచి, అన్నిటినీ ఒక గుంతలో పేర్చి, పైన పచ్చగడ్డి చాప పరిచేవాళ్లు. ఆఖరి మనిషిని మడవడానికి ఎవరూ మిగలరు గనక యాకమ్మకు మంచి చీర కట్టించి టూరిస్టులతో పాటు బస్సెక్కించేవాళ్లు.

పొద్దుగూకేలోపు అందర్నీ విప్పెయ్యాలి. చీకటి పడితే మడత గీత శాశ్వతంగా ఉండిపోతుంది. నిరుడు కొమురయ్యకు మెడ దగ్గర అలా గీత పడి తల ఎత్తలేకుండా అయ్యాడు. ఆఫీసువాళ్లు జాలిపడి అటెండరుగా పెట్టుకున్నారు, బాగా పనికొస్తున్నాడని మెచ్చుకుంటున్నారు కూడా. ఇక వాడ జాడ ఒక్కసారి టూరిస్టుల కంటబడిందా, మడతల్లేవు, బుల్డోజరే.

ఆ ఆదివారం యాకమ్మ కూతురు అఖిలకు దగ్గు పట్టుకుంది. ఆరేళ్ల పిల్ల. దగ్గితే మడత విచ్చుకుంటుంది.

"సారూ, పిల్లకు పాణం బాగలేదు. ఇయ్యాల నాతోని బస్సుల తీస్కపోత," అని ఆఫీసు సూపర్‌వైజరు సదానందాన్ని బతిమాలింది.

"బస్సులో దగ్గితే గెస్టులకు అంటుకోదా? పాసు నీ ఒక్కదానికే," అన్నాడాయన, తప్పేమీ లేనట్టు.

"అమ్మా, నన్ను అందరి మీద పెట్టవే. కింద ఊపిరాడదు," అంది అఖిల. యాకమ్మ అలాగే పెట్టింది. ఆ చిన్న చేతుల్ని గుండెల మీదికి మెల్లగా మడిచింది.

ఆనాటి గెస్టులు కట్టడాలంటే పడిచచ్చేవాళ్లు. ఒక్కో స్తంభం దగ్గరా ఆగి నిమిరారు. పైఅంతస్తు చేరేసరికి ఎండ పచ్చబడింది. యాకమ్మ కళ్లు గడ్డి మీదే ఉన్నాయి. గడ్డి ఒకచోట చిన్నగా ఉబ్బింది, అణిగింది. మళ్లీ ఉబ్బింది.

"ఇగ పోదామా సారూ, పొద్దుగూకుతున్నది," అంది, గెస్టుల వెంట వచ్చిన సదానందంతో.

"అయ్యో, సూర్యాస్తమయం చూడకుండానా! అందుకే కదండీ ఇంత దూరం వచ్చాం," అంది నల్లకళ్లద్దాలావిడ.

అప్పుడే గడ్డి అంచు లేచి చిన్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"అదేంటండీ, చెయ్యిలా ఉంది?" అన్నాడు కెమెరా ఆయన.

సదానందం మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరూ అటు తిరిగారు. యాకమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. నిజం చెబితే వాడ మొత్తం పోతుంది. పరుగెత్తినా పోతుంది.

"పువ్వు సారూ," అంది. "గడ్డిపువ్వు. పొద్దుగూకంగ పూస్తది."

చెయ్యి ఒక్కో వేలూ విప్పింది. గెస్టులు చప్పట్లు కొట్టారు. ఇలాంటిది జన్మలో చూడలేదన్నారు. పూర్తిగా విచ్చుకునేదాకా కదిలేది లేదని రాతి అరుగుల మీద చతికిలబడ్డారు. డ్రైవరు బీడీ ముట్టించాడు. పువ్వు అటూ ఇటూ ఊగింది. బిడ్డ తనను పిలుస్తోందని యాకమ్మకు తెలుసు. అయినా అందరితో పాటు నవ్వుతూ నిలబడింది. సూర్యుడు దిగాడు. చీకటి పడింది.

బస్సు దిగగానే పరుగెత్తి గడ్డి లాగేసి ముందు పిల్లను విప్పింది.

"అమ్మా, చెయ్యి ఊపిన. చూసినవా?"

"చూసిన బిడ్డా."

మణికట్టు దగ్గర గీత పడిపోయింది. చెయ్యి పైకి లేచి ఉంది, వేళ్లు ముడుచుకోవడం లేదు. వాడలో ఒకరికి మోకాలు, ఒకరికి నడుము, అందరికీ ఎక్కడో ఒకచోట గీత పడింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బుల్డోజరు రాలేదు, అదే పదివేలన్నారు.

తర్వాతి నెల ఆఫీసువాళ్లు పోస్టర్ల మీద మహల్ తీసేసి పువ్వు బొమ్మ వేశారు. బస్సులు రెట్టింపయ్యాయి. అఖిలకు ఇప్పుడు దగ్గు లేదు. అయినా యాకమ్మ ఆమెను మడిచి, అందరి మీదా పెట్టి, ఆ చెయ్యి మాత్రం గడ్డి బయటికి వదులుతుంది. అది ఆఫీసు ఆర్డరు.

మొన్న ఒకాయన కిటికీలోంచి వంగి, "ఏదండీ పువ్వు?" అనడిగాడు.

"అగో, అక్కడ," అని యాకమ్మ వేలు పెట్టి చూపించింది.

"వాసన ఉంటుందా?"

"దగ్గరికి పోతె తెలుస్తది సారూ."

ఎవరూ వెళ్లలేదు. పైనుంచే బాగుందన్నారు. నిజం చెప్పాలంటే, అక్కణ్నుంచి చూస్తే యాకమ్మకు కూడా బాగానే కనిపించింది.