పన్నెండు ఎలుకల ఉపవాసం

ఆ ఉదయం ఏకాంబరం వేసుకున్న పథకం చాలా చిన్నది. నిన్న సంకటహర చవితికి భార్య తాయమ్మ కాణిపాకం నుంచి తెచ్చిన పెద్ద లడ్డును పనిచేసే చోట అందరికీ పంచాలి. షుగరు మనిషి గనక తాను మాత్రం చిటికెడుకు మించి ముట్టకూడదు. పనిచేసే చోటంటే తిరుపతిలోని ఒక పరిశోధనశాల, అందులో ఎలుకల గది. అక్కడి పన్నెండు ఎలుకలకు మేతా నీళ్లూ చూసుకోవడం ఆయన ఉద్యోగం.

ఆ పన్నెండింటికీ షుగరే. ఇన్సులిన్ ప్రోటీను మందు. మింగితే కడుపు దాన్ని పప్పన్నంలా అరిగించేస్తుంది. అందుకే ఏకాంబరం పదకొండేళ్లుగా పొట్టలో సూది పొడుచుకుంటున్నాడు. పరిశోధన చేస్తున్న హంసిని ఆ మందును కంటికి ఆనని నానో గుళికల్లో పొదిగి కడుపు దాటించాలని మూడేళ్లుగా తంటాలు పడుతోంది. "అన్నా, నీకు సూది తప్పిస్తా" అని మాట కూడా ఇచ్చింది. ఈ రోజే పరీక్ష. తొమ్మిదింటికి ఆరు ఎలుకల నోట్లో మందు చుక్కలు, మిగతా ఆరింటికి ఉత్త నీళ్లు వేసి, పరీక్షకుడు పరాశర్‌ గారిని తీసుకురావడానికి స్టేషనుకు వెళ్లింది.

రాత్రి నుంచి మేత లేని ఎలుకలు చువ్వల సందుల్లోంచి ఏకాంబరం వైపే చూశాయి. చుక్కలు పడ్డాయి గనక ఉపవాసం తీరినట్టేననుకున్నాడు. తీర్థం ఇచ్చాక ప్రసాదం పెట్టకుండా పంపడం ఆయన ఎరిగిన పద్ధతి కాదు. పైగా వినాయకుడి వాహనాలాయె! తలా ఒక పలుకు లడ్డు పెట్టాడు.

అవి మూతులు తుడుచుకుంటుండగా ఫోను మోగింది.

"అన్నా, వాటికేమీ పెట్టలేదు కదా? పదకొండింటికి రక్తం చూసేదాకా పస్తే! ఒక్క మెతుకు తగిలినా నా మూడేండ్ల కష్టం గంగపాలే!"

"నేనెందుకు పెడతా పాపా! పస్తే ఉండాయి."

ఏకాంబరం ఫోను పెట్టేసి చూసుకున్నాడు. సగం లడ్డు చేతిలోనే ఉంది. పారేద్దామా అంటే ప్రసాదం, దాచిపెడదామా అంటే నేతివాసన. కళ్లు మూసుకుని మొత్తం మింగేశాడు. బోనుల కింద పొడి ఊడ్చాడు. ఊడ్చిన దారిలో చీమలు బయల్దేరాయి. చీమలకు అడ్డంగా ప్రసాదం పొట్లంలోని పసుపు చల్లాడు. హంసిని, పరాశర్‌ వచ్చేసరికి గది పేరంటానికి సిద్ధమైనట్టుంది.

"ఈ పసుపేమిటి?" అన్నారు పరాశర్‌.

"సీమలు సార్‌."

"చీమలకు ఇక్కడేం పని?"

"వాటినే అడగాల సార్‌."

హంసిని నీళ్లు వేసిన ఎలుక తోక నుంచి చుక్క రక్తం తీసి మీటరులో పెట్టింది. నాలుగు వందల ఎనభై. రెండోదానికి ఐదు వందలు.

"పస్తున్న ఎలుకకు ఇంతా?" పరాశర్‌ కళ్లజోడు తీశారు. హంసిని అదే ఎలుకకు మళ్లీ మీటరు పెట్టింది. ఆమె మొహం చూడలేకపోయాడు ఏకాంబరం.

"పాప తప్పేం లేదు సార్‌! నేనే లడ్డు పెట్టినాను, పన్నెండింటికీ. తీర్థం అయిపాయ గదా అనుకున్నా..."

"ఎంత పని చేస్తివన్నా!" హంసిని నేలమీదే కూలబడింది.

పరాశర్‌ మందు వేసిన ఆరింటినీ తానే పరీక్షించారు. నూట పది. నూట ఇరవై రెండు. నూట ఐదు. మీటరు మార్చి మళ్లీ చూశారు.

"ఇవీ తిన్నాయా?"

"ఇవే ఎక్కువ తినినాయి సార్‌."

"పస్తుల్లో షుగరు దించడంలో ఏముందమ్మా, లడ్డు మీద దించింది నీ మందు!" పరాశర్‌ గొంతు పెరిగింది. "ఈ రోజుది చెల్లదు. వచ్చే వారం మళ్లీ చెయ్యి. ఈసారి లడ్డు తూచి పెట్టు."

హంసిని ఏడుస్తూనే నవ్వింది. ఏకాంబరం మాత్రం నవ్వలేదు. కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. ఆమె కంగారుగా ఆయన వేలికి మీటరు పెట్టింది. ఐదు వందల పన్నెండు. మిగతా లడ్డు యాడికి పోయిందని ఇక అడగలేదు.

ఆయనకు సూది వేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆ అంకెను నీళ్లు వేసిన ఎలుకల పట్టికలో ఏడోదిగా రాసుకుంది.