కండక్టరమ్మ నిద్ర, నాలుగు బుష్షులు

ఈ కథలో చిన్నమ్మాయి తప్పు ఆవగింజంత కూడా లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చెప్పుకోవచ్చు. తప్పంతా ఆ ఇంటి అల్లుడిది.

అల్లుడికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊళ్ళో సగంమందికి చూపు దిద్దినవాడు. శనివారం పొద్దున్నే కారు కోసం వచ్చిన రెండు అట్టపెట్టెల్ని వరండాలో బల్లమీద పెట్టి, టీ తాగుతూ ఒక మాటన్నాడు.

"కళ్ళు మూసుకుని వేలితో నొక్కి చెప్పేస్తాను, ఏది రబ్బరో ఏది పాలీయో."

భార్య, ఆ ఇంటి పెద్దమ్మాయి, వినిపించుకోలేదు. మరదలు, అదే చిన్నమ్మాయి, వినిపించుకుంది.

అసలు సంగతి అత్తగారి నిద్ర. ఆవిడ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు. ఆఖరి ట్రిప్పు దించేశాక ఖాళీ బస్సు డిపోకి వెళ్ళే అరగంటే ఆవిడ జీవితంలో అసలు సిసలు నిద్ర. రిటైరయ్యాక ఇంట్లో మంచి మంచం కొనిచ్చారు గానీ, మంచం కదలదు. కదలని వస్తువు మీద నిద్రపోవడం ఆవిడకి చేతకాదు. అందుకని రోజూ మూడింటికి అల్లుడు దుకాణానికి తాళం వేసి, పాత కారు వెనక సీట్లో ఆవిడని కూర్చోబెట్టి, చెరువు పక్క రోడ్డు మీద తిప్పేవాడు. నీళ్ళ మెరుపు కారు కప్పు లోపలికి పాకేది. చెట్ల నీడలు ఒక్కొక్కటే ఆవిడ మొహం మీదుగా దాటిపోయేవి. మూడో చెట్టు దగ్గరికి కళ్ళు మూతపడేవి. ఆ నిద్ర తప్పితే బీపీ పెరుగుతుందనీ, మాత్రలు మొదలుపెట్టాల్సి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. ఒకసారి ఆ మాత్రలు వేసుకుని ఆవిడ నాలుగు రోజులు సొంత కూతుళ్ళని "మీరెవరండీ" అని అడిగింది.

ఇప్పుడు ఆ కారు ముందు భాగం చెడింది. చక్రాలని పట్టుకునే ఇనపచేతులు బండికి అతుక్కునే చోట, ఇనుము ఇనుముకి తగలకుండా గుండ్రటి ముక్కలుంటాయి. అవే బుష్షులు. పాతవి నాలుగూ చిరిగిపోయాయి. కొత్తవి రబ్బరువి వేస్తే మెత్తగా ఉంటాయి, తొందరగా అరుగుతాయి. పాలీయురేతేన్‌వి వేస్తే ఏళ్ళ తరబడి వస్తాయి, కానీ గట్టివి. రోడ్డు మీదున్నదంతా ఉన్నదున్నట్టు సీటుకి మోసేస్తాయి.

మలుపులో బండి గీత గీసినట్టు పోవాలని అల్లుడి కల. ఎర్రటి పాలీవి తెప్పించాడు. అమ్మ నిద్రపోవాలని పెద్దమ్మాయి పట్టు. నల్లటి రబ్బరువి తెప్పించింది. రంగు తప్పితే రెండూ చూడ్డానికి ఒకటే. నిద్రపోవాల్సినావిడని మాత్రం ఎవరూ అడగలేదు. ముందు పాలీ వేసి చూద్దాం, నిద్ర పట్టకపోతే రబ్బరు వేద్దాం అని రాజీ కుదిరింది. ఆదివారం మధ్యాహ్నంలోపు బిగించడం, మూడింటికి షికారు.

శనివారమంతా పెట్టెలు వరండాలోనే ఉన్నాయి. చిన్నమ్మాయి కూడా వరండాలోనే ఉంది. చదువుకుంటోంది.

ఆదివారం అల్లుడు జాకీతో బండెత్తి, చక్రాలు తీసి, ఎర్ర బుష్షుల్ని వైస్‌ దవడల మధ్య నొక్కి కూర్చోబెట్టి, బండి ఇంకా గాల్లో ఉండగానే బోల్టులన్నీ బిగించేశాడు. ఎంత బిగించాడంటే ఆఖరి బోల్టు మూలిగింది, తర్వాత ఆయన మూలిగాడు.

మూడింటికి బయల్దేరారు. అల్లుడు మొదటి మలుపు తిప్పి మురిసిపోయాడు. పాలీ అంటే ఇదీ, ఈ పట్టు రబ్బరుకి జన్మలో రాదన్నాడు. పక్కన పెద్దమ్మాయి ప్రతి గులకరాయికీ నడుం పట్టుకుంది. వెనక కండక్టరమ్మ మూడో చెట్టు దాటింది, ముప్పయ్యో చెట్టు దాటింది, కళ్ళు టార్చిలైట్లలా వెలుగుతూనే ఉన్నాయి.

"బాబూ, ముందు భాగాన్ని ఎవరో మెలిపెట్టి పట్టుకున్నట్టుంది," అంది.

"కొత్తవి కదండీ, సర్దుకుంటాయి," అన్నాడు అల్లుడు.

సర్దుకోలేదు. సోమవారం వెనక సీట్లో దిండు వేశారు. మంగళవారం దిండు కింద పరుపు వేశారు. కండక్టరమ్మ తల కారు కప్పుకి ఆనింది. కుదుపు తగలకూడదని అల్లుడు గంటకి ఎనిమిది కిలోమీటర్లలో నడిపాడు. వెనక నలభై బండ్లు బారు కట్టాయి. ఎవరో పెద్దవాళ్ళ అంతిమయాత్ర అనుకుని ఒకాయన సైకిలు దిగి, తలవంచుకుని నిలబడ్డాడు. కండక్టరమ్మ కిటికీలోంచి మొహం బయటపెట్టింది.

"ఇంకా ఉన్నాను నాయనా. ఎక్కు, వెళ్ళు."

నిద్రలేని మనిషి ఇంట్లో డ్యూటీ ఎక్కింది. వంటగది గుమ్మంలో నిలబడి, లోపలున్న ఒక్క కూతుర్నే లోపలికి జరగమంది. అల్లుడు స్నానాలగదిలో ఎక్కువసేపు ఉన్నాడని బయట్నుంచి రెండు విజిల్స్ కొట్టింది. ఆ రోజు సాయంత్రం డాక్టరు బీపీ చూసి, మళ్ళీ చూసి, గురువారం దాకా ఆగుదాం, తర్వాత మాత్రలే అని చెప్పి వెళ్ళాడు. చిన్నమ్మాయి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. కారణం ఎవరికీ తెలీదు.

బుధవారం అల్లుడు ఓటమి ఒప్పుకుని ఎర్రవి పీకేశాడు, నల్లవి పట్టుకున్నాడు. ఈసారి పెద్దమ్మాయి కారు పక్కన పీట వేసుకుని కూర్చుంది. పెట్టెలో ఉన్న కాగితం చదివి వినిపించింది. బండి బరువు నేలమీద ఆనాకే బోల్టులు ఆఖరి బిగింపు బిగించాలట. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుందట. అల్లుడు బండి దించి, కిందకి దూరి బిగించాడు. ఎందుకైనా మంచిదని మిగిలిన గ్రీజంతా పూసేశాడు.

ఆ రోజు చెరువు కూడా నిద్రలో ఉన్నట్టుంది. కారు రోడ్డు మీద పోతోందా, నీళ్ళ మీద పోతోందా తెలీలేదు. మొదటి చెట్టు నీడ కండక్టరమ్మ నుదుటి మీద ఆగింది. రెండో నీడ కళ్ళ మీద ఆగింది. మూడోది వచ్చేసరికి ఆవిడ ఖాళీ బస్సులో డిపోకి వెళ్ళిపోయింది. పెదాలు కదిలాయి. కలలో మబ్బులకి చిల్లర లేదని చెబుతోంది కాబోలు.

"రబ్బరు రబ్బరేనండీ," అంది పెద్దమ్మాయి గుసగుసగా.

"మెత్తన. మలుపులో పడవలా తేలిపోతోంది," అన్నాడు అల్లుడు దిగులుగా.

లేపడానికి ఎవరికీ మనసు రాక చెరువు చుట్టూ ఏడు చుట్లు తిప్పారు.

ఇంటికొచ్చాక, చక్కగా తేరుకున్న కండక్టరమ్మ వరండాలో ఆగింది. పేపరు మీద పీకేసిన ఎర్ర బుష్షులు నాలుగూ ఉన్నాయి. ఒకటి తీసి గోటితో గీకింది. ఎరుపు పెచ్చులా ఊడింది. లోపల నలుపు.

 ఆవిడ చిన్నమ్మాయి ఎదుటికి వచ్చి చెయ్యి చాపింది.

"టికెట్టు చూపించు."

"ఏం టికెట్టమ్మా?"

"చేతులు చూపించు."

చిన్నమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది. కానీ కాలిగోళ్ళు వెనక్కి పెట్టుకోవడం కుదరదు. కుడికాలివి ఎర్రగా ఉన్నాయి. ఎడమకాలివి నల్లగా ఉన్నాయి.

 అల్లుడు ఆ బుష్షు తీసుకుని, కళ్ళు మూసుకుని, వేలితో నొక్కాడు.

"రబ్బరే," అన్నాడు చివరికి.

"అంటే ఇప్పుడు బండిలో ఉన్నవి పాలీవా?" పెద్దమ్మాయి కూలబడింది. "మరి అమ్మకి నిద్రెలా పట్టింది?"

"నాకు రబ్బరూ తెలీదు, పాలీ తెలీదు," అంది కండక్టరమ్మ. "మొన్న మెలిక ఉంది, ఇవాళ లేదు. మొదటి రోజే చెప్పాను. మీరంతా రంగు చూస్తున్నారు."

ఇక దాచి లాభం లేదు. ఆ చిన్నమ్మాయిని నేనే. బావ గొప్పలు విని, రబ్బరువాటికి ఎర్ర గోళ్ళరంగు, పాలీవాటికి నల్లది పూసి, పెట్టెల్లో అటూ ఇటూ మార్చేశాను. ఆదివారం బావ పెట్టె తెరిచిన నిమిషంలో పట్టేస్తాడు, అందరం నవ్వుకుంటాం అనుకున్నాను. పట్టలేదు. సోమవారం చెబుదామంటే నవ్వు మిగల్లేదు, మంగళవారం డాక్టరు వచ్చాక ధైర్యం మిగల్లేదు. ఇప్పుడు రోజూ మూడింటికి వెనక సీట్లో అమ్మకి దిండు నేనే. మెలిక లేకుండా కూర్చోవాలి.

ఈ కథ మొదటి వాక్యానికి వేసింది కూడా ఆ గోళ్ళరంగే.