ఉంగరం డబ్బాలో ఎముక

క్లినిక్ నుంచి ఫోను వచ్చేసరికి కొత్త కోడలు పక్క దులుపుతోంది.

"మీ ఆయన ఎక్స్‌రే బాగుందమ్మా. పన్ను పీకిన గుంతలో నింపిన ఎముక పొడి చక్కగా కూర్చుంది. అది గట్టిపడ్డాక ఇంప్లాంట్ పన్ను పెట్టేద్దాం. రెండు రోజులు మాట్లాడనివ్వకండి, మెత్తనివే పెట్టండి. పొడి బయటికొస్తే మాత్రం మళ్ళీ కోత తప్పదు," అన్నాడు డాక్టరు.

వారంగా జివ్వుమంటున్న తన దవడ పన్ను సంగతే మరిచిపోయి ఆమె మంచం చుట్టూ ఓ గంతు వేసింది. మొగుడి దిండుని ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయింది. దిండు నిండా తెల్లటి పలుకులు.

"అత్తయ్యా, ఎముక రాలిపోతోంది."

అత్తగారు గరిటతో సహా వచ్చారు. ఇద్దరూ పలుకులన్నీ ఏరి, అంతకంటే శుభ్రమైనది కనిపించక, ఖాళీగా ఉన్న పెళ్ళి ఉంగరం డబ్బాలో పోశారు. స్నానం చేసి వచ్చిన భర్త అది చూసి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"నొప్పికి ఎలా గింజుకుంటున్నాడో చూడు," అన్నారు అత్తగారు. "ఒరేయ్, నోరు తెరవకు. మిగిలిందైనా దక్కనీ."

అతను తెరవలేదు. చొక్కా తొడుక్కున్నాక దాని జేబు మీంచి చెయ్యి కూడా తియ్యలేదు. గుండె దడేమోనని భార్య హడలిపోయింది.

క్లినిక్‌కి వెళ్ళే ట్యాక్సీలో అతని తల వెనక్కి వంచి, గడ్డం అత్తగారు, నుదురు భార్య పట్టుకున్నారు.

"మెల్లగా పోనివ్వు అన్నా, ఎముక ఊడుతుంది," అందామె. డ్రైవరు బెదిరిపోయి, నడిచేవాళ్ళు దాటిపోయేంత నెమ్మదిగా నడిపాడు.

డాక్టరు ముందు కుట్లు చూశాడు. చెక్కుచెదరలేదు. తర్వాత డబ్బాలోంచి ఒక పలుకు తీసి నీళ్ళలో వేశాడు. కరిగిపోయింది.

"ఎముక పొడి ఇలా కరగదమ్మా. ఇది పంచదార."

అందరి చూపులూ ఆ జేబు మీద పడ్డాయి. అత్తగారే చెయ్యి పెట్టి తీశారు. పంచదార అద్దిన రస్కు, సగం కొరికింది.

"రాత్రి ఆకలేసింది," అన్నాడతను, ఆ రోజుకి మొదటిసారి నోరు విప్పి. "అన్నీ మెత్తనివే పెట్టారుగా."

"మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తే ఇదా మీరు దాచుకుంది? ఇలా ఇవ్వండి, నేనే తింటాను." ఆమె కసిగా కొరికింది. ఫటుక్కుమంది. విరిగింది రస్కు కాదు.

డాక్టరు టార్చి ఇటు తిప్పాడు. "ఈ పన్ను ఇక నిలవదు. రేపు పొద్దున్నే రండి, పీకేసి ఇక్కడా ఎముక పొడి నింపేద్దాం."

"రేపు నుదురు నేను పట్టుకుంటాను," అన్నాడు భర్త ఎంతో ప్రేమగా. "నువ్వు మాత్రం నోరు తెరవకు."