రొయ్యవేలి ఉస్తాదు

ఆ మంగళవారం ఉదయం హాడెవిఖ్ పెట్టుకున్న పని ఒక్కటే. మ్యూజియం మేడమీది మేరీమాత చిత్రాన్ని దించి, గుడ్డ చుట్టి, పురపాలక సంఘం వ్యానులో గోదాముకు పంపెయ్యాలి. ఐదువందల ఏళ్ళ కిందట ఓక్ చెక్క మీద గీసిన బొమ్మే గానీ, గీసినవాడి పేరు తెలియదు. పేరులేని బొమ్మను చూడ్డానికి ఎవరూ రావడం లేదు కాబట్టి, ఆ గదిలో సైకిలు పందేల కప్పులు పెట్టాలని సంఘం తీర్మానించింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ మ్యూజియాన్ని చూసుకుంటున్న హాడెవిఖ్‌కు మనసొప్పలేదు. అయినా తాడు వెతకడానికి కిందికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే బ్రస్సెల్స్ ప్రొఫెసర్ వైటింక్ వాన తప్పించుకోవడానికి లోపలికి వచ్చాడు. ఆ ప్రాంతపు పాత ఫ్లెమిష్ చిత్రాల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. మేడమీద కాపలాదారు ఓడిలోన్ ఒక్కడే ఉన్నాడు.

“ఇది ఎవరు గీసిందయ్యా?”

“రొయ్యవేలి ఉస్తాదండీ,” అన్నాడు ఓడిలోన్, కుర్చీలోంచి లేవకుండానే.

పసివాడి పాదం పట్టుకున్న మేరీమాత బొటనవేలు ఉడికిన రొయ్యలా వంకర తిరిగి ఉంటుంది. ఓడిలోన్ ఏళ్ళ తరబడి చేస్తున్న వేళాకోళం అది. కానీ అజ్ఞాత చిత్రకారులకు బొమ్మలోని ఏదో గుర్తును బట్టి ‘ఫలానా ఉస్తాదు’ అని పేరు పెట్టడం పండితుల్లో ఆచారం. తనకు తెలియని ఉస్తాదు ఉన్నాడని ఒప్పుకునే అలవాటు ప్రొఫెసర్‌కు లేదు.

“ఆఁ, ఆయనే! చూడగానే అనుకున్నాను,” అని, గోదాము సంగతి విని మండిపడి, అక్కణ్ణుంచే మేయరుకు ఫోన్ చేశాడు.

హాడెవిఖ్ తాడుతో పైకి వచ్చేసరికి వ్యాను వెనక్కి వెళ్ళిపోయింది. ‘రొయ్యవేలి ఉస్తాదు’ను కాపాడానని ఆమెతో చెప్పి ప్రొఫెసరూ మెట్లు దిగిపోయాడు.

“ఆయనతో ఏం వాగావయ్యా?”

“నేనేం వాగాను మేడమ్? ఆయనే ‘ఆఁ’ అన్నాడు.”

“ఫోన్ చేసి నిజం చెప్పేస్తాను.”

“చెప్పండి. రేపు పొద్దున్నే సైకిలు కప్పులొస్తాయి.”

హాడెవిఖ్ ఫోన్ కింద పెట్టేసింది.

నెలకల్లా ప్రొఫెసర్ వ్యాసం అచ్చయింది. ఉస్తాదు జాలరి కొడుకట. ఎడమచేతి వాటమట. ప్లేగు సోకి చిన్నవయసులోనే పోయాడట. అది చదివి చుట్టుపక్కల ఆరు చర్చీలు ఉత్తరాలు రాశాయి, మా బొమ్మలోనూ అదే వేలుందని. మేయరు ఏడు బొమ్మలతో ప్రదర్శన ప్రకటించాడు. ఏడు వేళ్ళూ ఒకే చెయ్యి వేసిందని ప్రొఫెసర్ దానికి ముందుమాట రాసిచ్చాడు. బొమ్మల మీది మసి తుడవడానికి రైన్‌హిల్డె అనే అమ్మాయిని పెట్టారు.

ప్రదర్శన పదిరోజులుందనగా ఆమె వచ్చి హాడెవిఖ్ గది తలుపేసింది.

“మేడమ్, మొదటి ఊళ్ళో దూదితో ఇలా అన్నానో లేదో, వేలు ఊడొచ్చింది.”

“ఊడొచ్చిందా!”

“కింద ఇంకో వేలుంది, చక్కటిది. నేనే ఏదో పాడుచేశానేమోనని నోరు మూసుకున్నా. రెండో ఊళ్ళోనూ అంతే. మూడో ఊళ్ళో...”

“ఆపొచ్చుగా తల్లీ!”

“ఆరూ అయిపోయాయి. ఆ ఆరు బొమ్మలూ గీసింది ఆరుగురు వేరువేరు చిత్రకారులు మేడమ్. ఆరో బొమ్మ వెనకాల చూస్తే ఇది ఉంది,” అంటూ ఫోటో చూపించింది. భక్తులు ముట్టుకుని ముట్టుకుని అరిగిపోయిన వేళ్ళను ఏడు బొమ్మల్లోనూ తానే బాగుచేశానని, 1874లో తియోఫీల్ డొబ్బెల్స్ అనే చర్చి గంటలవాడు సిరాతో రాసి సంతకం పెట్టాడు.

హాడెవిఖ్ ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, ఓడిలోన్ వేళాకోళంతో సహా అంతా చెప్పేసింది. అవతల ప్రొఫెసర్ కాగితాలు తిరగేశాడు.

“ఏడు వేళ్ళూ ఒకే చెయ్యి వేసిందని నేను రాశానా, లేదా?”

“రాశారండీ.”

“అది తప్పా?”

“కాదండీ.”

“మరింకేం? మూడువందల యాభై ఏళ్ళు అటూ ఇటూ అయ్యాయి, అంతేగా!”

పోస్టర్ల మీద డొబ్బెల్స్ పేరు అంటించి ప్రదర్శన మొదలుపెట్టారు. ఆ రొయ్యవేలు మిగిలింది హాడెవిఖ్ మ్యూజియం బొమ్మలోనే కాబట్టి దానికి అద్దం బిగించారు. ఇక ఆ బొమ్మను కదిలించరాదని సంఘం కొత్త తీర్మానం చేసింది. మొదటిరోజే తియోఫీల్ మునిమనవరాలు మార్సెల్లా వచ్చింది. చేపలమ్ముకునే ముసలావిడ. జనం ఆ వేలు చూసి కిసుక్కుమంటుంటే ఆవిడకు ఒళ్ళు మండింది.

“ఎందుకూ ఆ నవ్వు?” అంటూ తన బొటనవేలు తెచ్చి అద్దానికి ఆనించింది. అచ్చం అదే వంకర. “మా ఇంటిల్లిపాదికీ ఇవే వేళ్ళు. తన వేలు చూసి గీశాడు మా ముత్తాత. చూసింది చూసినట్టు గీస్తే తప్పా?”

మొత్తం చిత్రంలో నిజమైన మనిషిని చూసి గీసినట్టు రుజువున్న భాగం ఆ వేలొక్కటేనని ప్రొఫెసర్ ఇప్పుడు రెండో వ్యాసం రాస్తున్నాడు.