ఇంద్రజ చప్పట్లు కొట్టే వరకు

ఆ ఆదివారం ఉదయం ఇంద్రజ మూడే పనులు అనుకుంది. తలంటుకుని జడలో మల్లెలు పెట్టుకోవడం, మధ్యాహ్నం వడ్డనలో అత్తగారికి సాయం చేయడం, సాయంత్రం భర్త పక్కన కూర్చుని కచేరీ వినడం. పెళ్లయి నలభై రెండు రోజులైంది. పక్కపక్క కుర్చీల్లో కూర్చోవడం ఆమెకింకా పండగలాగే ఉంది.

"ఏవండీ, మన కుర్చీలు రెండూ ఆనించి వేయించండి. చేతులున్న కుర్చీలు వద్దు, మధ్యలో అడ్డం."

గడ్డం గీసుకుంటున్న రవితేజ నురగలోంచే నవ్వాడు. "కచేరీకి వస్తున్నావా, కుర్చీలకి వస్తున్నావా?"

"రెంటికీ."

కచేరీ మామగారు శ్రీరామరాజు గారి కొత్త రొయ్యల ఫ్యాక్టరీలో. భీమవరానికి నాలుగు మైళ్ల దూరంలో కట్టిన ఆ ఫ్యాక్టరీలో ఫ్రీజింగ్ మిషన్లు బిగించడానికి డెన్మార్క్ నుంచి హెన్రిక్ అనే ఇంజనీరు వచ్చి ఆరు నెలలైంది. ఆయన గుండ్రంగా చుట్టిన ఇత్తడి బాకా, దాని వెడల్పాటి మూతిలో ఒక చెయ్యి పెట్టి, వాయిస్తాడు, ఆయన భార్య పియానో వాయిస్తుంది, తోటి ఇంజనీరు వయొలిన్ వాయిస్తాడు. వెళ్లిపోయే ముందు ముగ్గురూ కలిసి ఒక్కసారి వాయిస్తామన్నారు. అంతే, శ్రీరామరాజు గారు నరసాపురంలో ఒక పాత బంగళా నుంచి పియానో అడిగి తెచ్చి, ట్రాక్టరులో గడ్డి పరిచి దాని మీద పడుకోబెట్టి, దారి పొడవునా తను కారులో వెనకే వచ్చి, రెండొందల మందికి కబురు పెట్టారు.

కాఫీ తాగుతూ ఆయన కోడలిని పిలిచారు.

"అమ్మా ఇంద్రజా, ఈ సంగీతం మాకెవరికీ తెలీదు. ఎక్కడ చప్పట్లు కొట్టాలో ఎక్కడ ఊరుకోవాలో నువ్వే చెప్పాలమ్మా. ఊళ్లో అందరికీ చెప్పేశాను, మా కోడలికి ఇవన్నీ తెలుసని."

ఇంద్రజ కాఫీ మింగింది. తప్పు ఆమెదే. పెళ్లిచూపుల్లో సంగీతం వచ్చా అని అడిగితే, "పాడటం రాదండి, వింటాను. వెస్టర్న్ కూడా" అంది. రాజమండ్రి హాస్టల్లో స్నేహితురాలి దగ్గర అలాంటి క్యాసెట్ ఒకటి ఉండేది. టేపు బయటకొచ్చేస్తే పెన్సిలు పెట్టి చుట్టి ఇచ్చింది. ఆమెకూ పాశ్చాత్య సంగీతానికీ ఉన్న పరిచయం అంతే.

"డిగ్రీ చదివినంత మాత్రాన బాకాలు తెలిసిపోతాయేంటే?" అంది, సోఫాలో కూర్చుని పూలు కడుతున్న మహాలక్ష్మమ్మ. ఆవిడ అత్తగారి చెల్లెలు. కొత్త కోడలి గురించి ఏదైనా తేల్చడానికి తొందరపడదు, సాక్ష్యాలు పోగుచేసుకుంటుంది. "చూద్దాంలే సాయంత్రం."

ఇంద్రజ ముందుజాగ్రత్తగా హెన్రిక్‌ని కలిసి అన్నీ అడిగి తెలుసుకుంది. మొత్తం నాలుగు భాగాలు. మధ్యలో మూడుసార్లు ఆపుతారు, అప్పుడు చప్పట్లు కొట్టకూడదు. చివర్లోనే కొట్టాలి. ఈ సంగతి మామగారికి చెబితే ఆయన మిలటరీ పద్ధతిలో ఏర్పాట్లు చేసేశారు.

"అయితే నువ్వు చప్పట్లు కొట్టావంటే అయిపోయినట్టు. నిన్ను చూసి అందరూ కొడతారు. నేను కండువా ఊపుతాను. సన్నాయి మేళం ఎత్తుకుంటుంది. దండలు, శాలువాలు, ఆ వెనకే తాపేశ్వరం కాజాలు. ఎక్కడా ఆలస్యం జరగకూడదు. సన్మానం ఆలస్యమైతే మర్యాద కాదు."

మధ్యాహ్నం ముగ్గురు కళాకారులకూ ఇంట్లోనే భోజనం. అత్తగారు రత్నమాణిక్యం గారి సిద్ధాంతం ప్రకారం విస్తట్లో అన్నం కనపడకూడదు, కూర కనపడాలి. రొయ్యల వేపుడు, కొరమీను పులుసు, పైన కొత్తావకాయ. హెన్రిక్‌కి తెలిసిన ఒకే ఒక్క తెలుగు మాట "చాలు". ఆ మాటకి ఆ ఇంట్లో ఏ అర్థమూ లేదు.

"చాలంటే ఎలాగండీ, ఈ టెంక ముక్కొకటి చూడండి. సాయంత్రం ఊదాలి కదా, బలం ఉండద్దూ?"

హెన్రిక్ మర్యాదస్తుడు. నాలుగు ముక్కలు తిన్నాడు. పెదవులు గులాబీ రంగు దాటి టమాటా రంగుకి వచ్చాయి. తెల్లవాళ్లు తొందరగా ఎర్రబడతారని ఇంద్రజ ఆ సంగతి పట్టించుకోలేదు. ఆమె మల్లెల సంగతి చూసుకోవాలి.

సాయంత్రం అయిదున్నరకి ప్యాకింగ్ హాలు నిండిపోయింది. ఇంద్రజ కుర్చీ మొదటి వరుస మధ్యలో, అందరికీ కనిపించేలా వేశారు. ఆమె కొత్త పట్టుచీర సర్దుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వెనక వరుసలోంచి మహాలక్ష్మమ్మ చూపు జడ మీద ఉన్నట్టు తెలుస్తోంది.

మొదటి భాగం అయింది. వాద్యాలు ఆగాయి. రెండొందల తలలు ఇంద్రజ వైపు తిరిగాయి. ఆమె కదలలేదు. రెండొందల తలలు మళ్లీ ముందుకి తిరిగాయి. రెండో భాగం తర్వాత కూడా అదే జరిగింది. మామగారు కండువా భుజాన సర్దుకుంటూ గర్వంగా అటూ ఇటూ చూశారు. ఇంద్రజకి ధైర్యం వచ్చేసింది.

చిక్కు ఇంకోవైపు మొదలైంది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు చంద్రరావు వంగి శ్రీరామరాజు గారి చెవిలో అన్నాడు. "అయ్యగారూ, ఆయన చెయ్యి చూశారాండి? మొదట్నుంచీ బాకా మూతిలోనే పెట్టి ఉంచారు. లోపలేదో ఇరుక్కుందండి. పాపం వాయిస్తూనే తీసుకుంటున్నారు."

"ఇప్పుడు కదపకు. అమ్మాయి చప్పట్లయ్యాక చూద్దాం."

అంతలో హెన్రిక్ బాకాని అటూ ఇటూ తిప్పి, ఊదగా ఊదగా అందులో చేరిన తడిని నేల మీదికి వంపాడు. రత్నమాణిక్యం గారి గుండె తరుక్కుపోయింది. "జలుబు చేసిందే చెల్లీ ఆ మనిషికి. మిరియాల చారు పెట్టించాల్సింది."

మూడో భాగం మొదలైంది. చాలా మెల్లగా, దిగులుగా ఉంది. పియానో ఒక్కో మెట్టే దిగుతున్నట్టుంది. దాని మీద వయొలిన్ సన్నగా, ఆ వెనక కాలవ మలుపులో కనపడకుండా పోయిన పడవలోంచి ఎవరో పిలిచినట్టు బాకా. ఇంద్రజ మొట్టమొదటిసారి పరీక్ష సంగతి మరిచిపోయి నిజంగా వింది. కళ్లు చెమర్చాయి. ఈ సంతోషం పంచుకుందామని పక్కకి తిరిగితే, భర్త కళ్లు మూసుకుని ఉన్నాడు. తన్మయత్వమో నిద్రో చెప్పడం కష్టం. ఆయన చెవి కింద, నున్నగా గీసిన చోట, ఒక దోమ తాపీగా తాగుతోంది.

పెళ్లయిన నలభై రెండో రోజున చూస్తూ ఊరుకోగల దృశ్యం కాదది. ఆమె మెల్లగా ఊదింది. దోమ బరువుగా లేచి ఇద్దరి మధ్యా తిరిగి, మళ్లీ ఆ మెడ వైపే బయల్దేరింది. తొడల కిందున్న చేతులు వాటంతటవే బయటికొచ్చాయి.

టప్.

దోమ చచ్చింది. ఆ మరుక్షణం రెండొందల మంది చప్పట్లు కొట్టారు.

"కాదు, కాదండీ" అంటూ ఇంద్రజ చేతులు ఊపింది. ఇంకా గట్టిగా కొట్టమంటోందనుకుని అందరూ లేచి నిలబడి కొట్టారు. శ్రీరామరాజు గారు కండువా ఊపారు. తలుపు వెనక గంట నుంచి ఊపిరి బిగబట్టి ఉన్న సన్నాయి మేళం ఒక్కసారిగా ఎత్తుకుంది. వయొలినాయన పాపం రెండు క్షణాలు పోటీపడి చూసి, విల్లు దించేశాడు. దండలు పడ్డాయి. శాలువాలు కప్పారు. బాకాకి కూడా ఒక దండ వేశారు. చంద్రరావు చెరువుల్లో గొట్టాలు బాగుచేసే పొడుగాటి తీగ పట్టుకొచ్చి, "మీరు వదలండి సార్, నేను లాగుతాను" అంటూ బాకాలోకి తొంగిచూశాడు. హెన్రిక్ బాకాని బిడ్డలా గుండెకి హత్తుకున్నాడు. రత్నమాణిక్యం గారు అతని నోట్లో కాజా పెట్టారు.

"చివరి భాగం ఏమైనట్టు?" అంది మహాలక్ష్మమ్మ. చేతిలో కార్యక్రమం చీటీ ఉంది. "ఇందులో నాలుగని రాసుంది. నేను మూడే లెక్కపెట్టాను."

మామగారి చేతిలో కండువా ఆగిపోయింది. "అవునామ్మా?"

ఇంద్రజ పిడికిలి బిగించుకుని లేచింది. ఇక దాచి లాభం లేదు. క్యాసెట్టూ, పెన్సిలూ, దోమా అన్నీ చెప్పేయాలి. ఆయన పరువు ఇంతమందిలో పోతోంది, కనీసం నిజమైనా దక్కాలి. "మావయ్యగారూ, అసలు నాకు..."

ఇంతలో హెన్రిక్ దండలతోనే వేదిక దిగి వచ్చి, ఆమె ముందు నడుం వంచి నమస్కారం పెట్టాడు. ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయాడు. మధ్యాహ్నం ఆవకాయ తిన్నప్పటి నుంచీ తన పెదవులు తిమ్మిరెక్కి ఉన్నాయట. మూడో భాగం సగానికి వచ్చేసరికి అవి ఉన్నాయో లేవో తెలియలేదట. తర్వాతి పుటలో చాలా పైస్థాయి స్వరం ఉంది, అది అపస్వరమవడం ఖాయమని వణికిపోతున్నాడట. సరిగ్గా దానికి ముందు ఆమె ఆపించేసింది. వాయిద్యకారుడి అవస్థ విని కనిపెట్టే చెవి తమ దేశంలోనే అరుదు. ఇంత మర్యాదగా, దండలు వేసి మరీ ఆపించడం ఎక్కడా చూడలేదు. ఒక్క అరగంట పెరుగూ మంచుముక్కలూ ఇప్పిస్తే నాలుగో భాగం వాయిస్తాడట.

"ఏమంటున్నారమ్మా?" అన్నారు శ్రీరామరాజు గారు.

ఇంద్రజ అత్తగారి వైపు చూసింది. ఆవిడ చేతిలో ఇంకో కాజా ఉంది. ఆవకాయ మాట ఎత్తితే ఆవిడ వారం రోజులు అన్నం తినదు.

"నాకు... సంగీతం బాగా తెలుసంటున్నారండి. పెదాలకి విశ్రాంతి కావాలని నేను కనిపెట్టానట. పెరుగడుగుతున్నారు."

మహాలక్ష్మమ్మ చీటీ మడిచి బొడ్డున దోపుకుంది. "చదువుకున్న పిల్ల కదే మరి" అంది అక్కతో, ఎప్పుడూ తను అదే అంటున్నట్టు.

అరగంట తర్వాత నాలుగో భాగం గుర్రాలు పరిగెత్తినట్టు సాగి, ఒక్క అపస్వరం లేకుండా ముగిసింది. ఇంద్రజ ఈసారి నిజంగా కొట్టింది. సన్మానం కూడా మళ్లీ మొదటినుంచీ చేశారు, ఇందాకటిది మధ్యలోది కాబట్టి చెల్లదని మామగారు తీర్మానించారు.

కారులో రవితేజ ఆమె అరచేయి తిప్పి చూశాడు. గోరింటాకు మధ్యలో చిన్న ఎర్ర మరక.

"ఎవరి రక్తం?"

"మీదే."

అతను ఇంటి దాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఇంద్రజ మాత్రం ఆ రోజు నుంచి, మామగారు ఇంట్లో ఉన్నంతసేపూ, ఎంత దోమ కుట్టినా ఒంటిచేత్తోనే కొడుతోంది.